అద్దాల వారింట్లో అద్దం

శవం మెట్ల కింద వెల్లకిలా పడి ఉంది.

మడమలు మొదటి మెట్టు మీద, తల నేల మీద. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమ చెయ్యి వీపు కింద ఇరుక్కుంది. పక్కన ఆడవాళ్ళ చెప్పు ఒకటి. దాని జత అయిదో మెట్టు మీద ఉంది.

ఫోన్ వచ్చింది ఉదయం ఆరుంబావుకి. ఏడు కొట్టక ముందే ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి గుమ్మం దాటింది.

స్టేషన్లో ఆమెకు వెనకాల పెట్టిన పేరు అత్తగారు. కోడలి మాటను అత్తగారు ఎంత నమ్ముతుందో, ఎదుటివాళ్ళ మాటను ఆమె అంతే నమ్ముతుంది. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనపడితే సరదా పోతుందని ఊరుకుంది.

"మెడ విరిగింది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "రిటైరైన హెడ్‌మాస్టరు. ఇంట్లో ఆయనా, కూతురూ. అంతే."

"తలుపులు?"

"అన్నీ లోపల గడియ పెట్టే ఉన్నాయి. ఆ అమ్మాయే తీసింది."

"అంటే?"

"అంటే ఏముంది మేడమ్. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది."

కూతురు హాల్లో కుర్చీ అంచు మీద కూర్చుంది. ముప్పై దాటి ఉండవు. లైబ్రరీలో ఉద్యోగం. ఇన్‌స్పెక్టర్ మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. సగం నీళ్ళు ఒడిలో పడ్డాయి. చేతులు అంతగా వణుకుతున్నాయి.

"మొదట చూసింది మీరేనా?"

"నేనే."

"ఎక్కడ పడుకున్నారు?"

"పైన. నాన్న గది కింద."

"ఆయన అరిచారా?"

ఆమె గ్లాసు నేల మీద పెట్టింది.

"అరిచారు. లే, ఈ ఇంట్లోంచి బయటికి పో అన్నారు. నేను తలుపు తీసి మెట్ల మీదికి వచ్చాను. ఆయన చెయ్యి చాచి పైకి వస్తున్నారు. నాకు భయం వేసింది."

"తోశారా?"

"తెలీదు." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "గుర్తు లేదు. తోశానేమో. తోశాననే రాసుకోండి మేడమ్. నా బుర్ర నా చేతుల్లో లేదు. నాన్నకి వచ్చిందే నాకూ వచ్చింది."

"ఏమిటి వచ్చింది?"

"నాన్న గది మూల ఒకావిడ నిలబడుతుంది. నెలన్నర నుంచి నాన్నకి కనపడేది. ఇప్పుడు నాకూ కనపడుతుంది."

హెడ్ కానిస్టేబుల్ మెల్లగా గోడ దగ్గర నుంచి ఇవతలికి జరిగాడు.

"రాసుకోవడానికి తొందరేం లేదు," అంది ఇన్‌స్పెక్టర్. ఒప్పుకున్నవాళ్ళ మాట కూడా ఆమె మొదటిసారికి నమ్మదు.

చనిపోయినాయన తమ్ముడు ఎనిమిదింటికి వచ్చాడు. ఊళ్ళో పెద్ద అద్దాల షోరూమ్ ఆయనదే. ఇస్త్రీ నలగని చొక్కా, అదుపులో ఉన్న దుఃఖం. అన్న మొహం మీద గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పాడు.

"మా ఇంటిపేరే ఇంత మేడమ్. తరానికొకర్ని తీసుకుపోతుంది."

"ఏమిటి మీ ఇంటిపేరు?"

"అద్దాల. రాజమందిరాలకి అద్దాలు చేసిన వంశం మాది. ఆ పనితనం చూసి జనం పెట్టిన పేరు. మా షోరూమ్ బోర్డు మీద కూడా అదే రాయించాను. మా ముత్తాత చేసిన అద్దంలో ఒకావిడ తన మొహం చూసుకుని ప్రాణం విడిచిందట. అప్పటి నుంచి మా పడగ్గదుల్లో అద్దం పెట్టం. పెడితే ఆవిడ వస్తుంది."

"పాత అద్దాల పని మీకూ వచ్చా?"

"అబ్బే. ఆ విద్య ముత్తాతతోనే పోయింది. నేను ఫ్యాక్టరీ సరుకు అమ్ముకునేవాణ్ణి."

ఆయన గొంతు తగ్గించి తన చెయ్యి చూపించాడు. ఉంగరపు వేలికి పచ్చగా మెరిసే బంగారం. "మా నాన్న పోతూ మా ఇద్దరికీ ఒకే అచ్చులో చేయించాడు. స్నానానికి కూడా తీసి ఎరగను. అన్నయ్యా అంతే. ఇప్పుడు ఆయన వేలికేసి చూడండి."

శవం కుడి చేతికి ఉంగరం ఉంది. అచ్చు అదే. రంగు మాత్రం వెండి.

"బంగారం తీసేసి ఎవరో వెండిది తొడిగారు. ఇంట్లో ఉన్నది ఒక్కతే." ఆయన నిట్టూర్చాడు. "మా పిల్లే. నోరు రావడం లేదు."

కూతురు తలెత్తింది. "నేను తియ్యలేదు బాబాయ్. నా గాజులు కూడా పాలిపోయాయి. చూడు."

నిజమే. ఆమె బంగారు గాజుల మీద బొల్లి మచ్చల్లా తెల్లటి మచ్చలు ఉన్నాయి.

"గిల్టువి వేసుకుందన్నమాట," అన్నాడు తమ్ముడు బాధగా.

పెద్దాయన గది తలుపు తియ్యగానే వేడి మొహానికి కొట్టింది. చలికాలం. గోడవార రూమ్ హీటర్ ఇంకా రగులుతూనే ఉంది. కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. హీటర్‌కి కాస్త పైన, నిలువెత్తు చెక్క చట్రం. దాని మీద పలచటి నల్లగుడ్డ.

"ఏమిటిది?"

"అద్దం," అంది కూతురు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"పడగ్గదిలో అద్దం పెట్టమన్నారుగా?"

"ముత్తాత చేసిన ఆఖరి అద్దం. రెండు నెలల కిందట నాన్న పుట్టినరోజుకి బాబాయి తెచ్చారు. నాన్న ముందు వద్దన్నారు. మొహం గోడకి తిప్పి పెడితే అది అద్దం కిందికి రాదుగా అన్నారు బాబాయి. సరేనన్నారు."

ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి వంగింది. హీటర్ కింద, నేల చెక్కల సందులో ఆవగింజంత పూసలు మెరిశాయి. వేలు తగిలితే జారి పారిపోతున్నాయి.

"థర్మామీటర్ పగిలిందా?"

"మా ఇంట్లో లేదు మేడమ్. రోజూ వస్తాయవి. చేత్తో ఏరి పారేస్తే మర్నాటికి మళ్ళీ వస్తాయి." కూతురు నేల వైపు వేలు చూపించింది. "ఆవిడ కన్నీళ్ళు అనేవారు నాన్న."

హీటర్ ఆపింది ఇన్‌స్పెక్టర్. కిటికీలు తీయించింది. రెండు పూసల్ని కాగితంతో చిన్న సీసాలోకి తోసి మూత పెట్టింది.

"ఈ అద్దాన్ని ల్యాబ్‌కి పంపాలి. బరువుంటుంది. అందరూ ఒక చెయ్యి వెయ్యండి."

హెడ్ కానిస్టేబుల్ ఒక పక్క పట్టాడు. కూతురు వచ్చి కింద పట్టుకుంది. తమ్ముడు చొక్కా చేతులు మడిచాడు. గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. ఉంగరమూ తీసి జేబులోనే వేసుకున్నాడు. అప్పుడు వచ్చి రెండో పక్క పట్టాడు. ఇన్‌స్పెక్టర్‌తో కలిపి నలుగురూ దాన్ని జీపు దాకా మోశారు.

ఆ పగలంతా కూతురు స్టేషన్లో బల్ల మీద కూర్చుంది. ఆమెను లోపల పెట్టమని పైనుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లూ ఇన్‌స్పెక్టర్ లైన్ సరిగ్గా లేదంది.

"ఆ ఇంట్లో ఉండనివ్వద్దు," అని మాత్రం చెప్పి జీపెక్కింది.

పెద్దాయన రిటైరయ్యాక ఎక్కడెక్కడికి తిరిగేవాడో ఆమె అప్పటికే కనుక్కుంది. దారి ఊరి చివర పాత కార్ఖానా సందులోకి తీసుకెళ్ళింది. కార్ఖానా కూలిపోయి చాలా కాలమైంది. సందు మాత్రం ఉంది. ఇరుకు ఇళ్ళు, ఒకే పంపు, తీగల మీద బట్టలు. చివరి ఇంట్లో తొంభై దాటిన ముసలావిడ ఎండలో కూర్చుని ఉంది.

"మీ ఇంటిపేరేంటండీ?"

"అద్దాల."

"షోరూమ్ వాళ్ళకి మీరు చుట్టాలా?"

"మేం కాదు. వాళ్ళే మాకు చుట్టాలు." ముసలావిడ నవ్వింది. పన్ను ఒక్కటే ఉంది. "పెద్దవాడు నీలాగే వచ్చి అడిగాడు. మూణ్ణెల్లైంది. వాడికి చెప్పిందే నీకూ చెబుతాను. కూర్చో."

ఇన్‌స్పెక్టర్ గడప మీద కూర్చుంది.

"ఈ సందులో మగాళ్ళంతా కార్ఖానాలోనే చేసేవాళ్ళు. గాజు వెనకాల తగరం రేకు పరిచి, దాని మీద పాదరసం పొయ్యాలి. అప్పుడు మొహం కనపడేది. నలభై దాటినవాడు ఈ సందులో ఉండేవాడు కాదు. ముందు చేతులు వణికేవి. తర్వాత చిగుళ్ళు కారేవి. ఆ తర్వాత గదిలో ఎవరో ఉన్నారని అరిచేవాళ్ళు. తర్వాత పాడె."

"అందరూనా?"

"అందరూనే. ఆడాళ్ళు మిగిలారు. నీళ్ళకి వెళ్తే ఊళ్ళో వాళ్ళు తప్పుకుని, అదిగో అద్దాల వాళ్ళు అనేవాళ్ళు. పనితనం చూసి పెట్టిన పేరు కాదమ్మా ఇది. చావులు చూసి పెట్టింది. కార్ఖానా యజమాని మా నాయనమ్మ అక్కని చేసుకున్నాడు. మొగుడు పోయినదే. నీకు పుట్టే పిల్లలకి నా ఇంటిపేరు ఉండాలని పంతం పట్టిందావిడ. నీ కార్ఖానా ఏం చేసిందో నీ వంశం మర్చిపోకూడదు అంది. చచ్చేలోపు కార్ఖానా మూయించింది కూడా."

"మరి ఆ దయ్యం?"

"పడగ్గదిలో అద్దం పెట్టొద్దు, విషం అని పిల్లలకి చెబితే వింటారా? వినరు. మూల దయ్యం ఉంది అంటే వింటారు. పిల్లలు బతికితే చాలని ఆవిడే దయ్యమైంది. ఈ ముక్క మాత్రం పెద్దవాడు అప్పుడు అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ గడప మీద ముందుకి జరిగింది.

"పెద్దాయన మళ్ళీ వచ్చారా?"

"నిన్న సాయంత్రం వచ్చాడు. గుర్తుపట్టలేకపోయాను. మనిషి ఒణుకు, మాట ఒణుకు. గదిలో అద్దం ఉందన్నాడు. మొహం గోడకి తిప్పాంలే, భయం లేదన్నాడు. పిచ్చివాడా, అద్దం మొహం ఏం చేస్తుందిరా, చంపేది దాని వీపు అన్నాను. అర్థమైనట్టు లేదు. లేచి వెళ్ళిపోయాడు."

మర్నాడు పది గంటలకు ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ షోరూమ్‌లో ఉంది. కూతుర్ని వెంట తెచ్చింది.

గోడల నిండా అద్దాలే. ఎటు తిరిగినా మనుషులు. కూతురు ఒక అద్దం ముందు ఆగిపోయింది. ఆవిడ కనపడుతుందేమోనని ఇన్నాళ్ళూ అద్దం జోలికే పోలేదు. రెండు నెలల తర్వాత తన మొహం తనే సరిగ్గా చూసుకుంటోంది. ముఖం పీక్కుపోయి, కళ్ళ కింద గుంటలు. చూసుకోలేక తల తిప్పుకుంది. తిప్పిన వైపూ అద్దమే.

"అరెస్టు చేశారా మేడమ్?" తమ్ముడు కుర్చీలు వేయించాడు. "చట్టం చేసేది చట్టం చెయ్యాలి. కాకపోతే పిచ్చి అని రాస్తే కాస్త దయ చూపినట్టుంటుంది."

"ముందు ఉంగరం సంగతి తేల్చుకుందాం," అంది ఇన్‌స్పెక్టర్. "మా ఇంట్లో ఒకసారి మా అత్తగారికి జ్వరం వచ్చింది. నిజం అత్తగారికే. ఆవిడ చేతిలో థర్మామీటర్ పగిలింది. పాదరసం ఆవిడ చేతి గాజుకి అంటుకుని బంగారం తెల్లబడింది. నేను మార్చేశానని ఊరంతా చెప్పింది. జ్వరం తగ్గింది గానీ అనుమానం తగ్గలేదు."

హెడ్ కానిస్టేబుల్ నేల వైపు చూశాడు.

"మీ అన్నగారి ఉంగరం బంగారమే. ల్యాబ్‌లో తేల్చారు. పాదరసం తాగింది, అంతే. ఈ అమ్మాయి గాజులూ అంతే. ఆయన ఒంట్లో పాదరసం ఉంది. ఈమె రక్తంలోనూ ఉంది. వణుకూ, చిరాకూ, మూల నిలబడ్డ మనిషీ అన్నీ దాని వల్లే."

"అయ్యో," అన్నాడు తమ్ముడు. "ఆ పాత అద్దం నుంచా? నాకేం తెలుసు మేడమ్? ముత్తాత వస్తువు అని ప్రేమగా ఇచ్చాను."

"పాత అద్దానికి వెనక చెక్క పలక ఉంటుంది. దీనికి లేదు. పీకేసిన మేకుల గుర్తులు కొత్తగా ఉన్నాయి. చట్రం అడుగున గాడి తొలిచి, దాని నిండా పాదరసం పోసి ఉంది. సరిగ్గా హీటర్ పైన. మొహం గోడకి తిప్పించారు. వీపు గదిలోకి వచ్చింది. మొహానికి భయపడటం ఒక్కటే మీ ఇంట్లో మిగిలింది. దేనికి భయపడాలో మీ అన్నగారికి తెలియదు. మీకు తెలుసు."

"ఎవరో చేసుంటారు. నాకు ఆ పనే రాదని ముందే చెప్పాను."

"చెప్పారు. ఉంగరం స్నానానికి కూడా తియ్యనని కూడా చెప్పారు. నిన్న ఆ చట్రం పట్టుకునే ముందు ఎందుకు తీశారు?"

తమ్ముడి చెయ్యి దానంతట అదే రెండో చేతిని కప్పింది.

"పాదరసం ముట్టుకునేవాడు ముందు ఒంటి మీద బంగారం తీసేస్తాడు. అది చేతికి పట్టిన అలవాటు. ఈ అమ్మాయికి అది తెలియదు. గాజులతోనే పట్టుకుంది. రెండు నెలలుగా ఆ పూసల్ని చేత్తోనే ఏరింది. విషం పెట్టినవాళ్ళు విషంలో చేతులు పెట్టరు." ఆమె ఆగింది. "మీ గోడౌన్ వెనక షెడ్డులో పాదరసం ఇనప సీసా దొరికింది. ఖాళీది."

షోరూమ్ నిండా ఉన్న తమ్ముళ్ళందరూ ఒకేసారి కుర్చీలో కూలబడ్డారు.

"చంపాలనుకోలేదు," అన్నాడాయన. "కొత్త షోరూమ్ ముందు రాయి పెడతానన్నాడు. చచ్చిన కూలీల పేర్లన్నీ చెక్కిస్తానన్నాడు. మన పేరు వాళ్ళది, మనం దొంగిలించి బోర్డు కట్టుకున్నాం అన్నాడు. బతిమాలాను. వినలేదు. హెడ్‌మాస్టరు మాట ఊరు నమ్ముతుంది. పిచ్చివాడి మాట నమ్మదు. పిచ్చెక్కితే చాలనుకున్నాను."

"ఈ అమ్మాయి ఆ గదిలో ఆయన పక్కనే కూర్చుంటుందని తెలుసుగా?"

కూతురు ఆయన వైపు చూస్తోంది. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన బాబాయి. ఆమెకు కోపం రాలేదు. గోడ పట్టుకుని నిలబడింది.

ఆయన్ని జీపెక్కించి వచ్చాక కూడా ఆమె అక్కడే ఉంది.

"మేడమ్, విషం సంగతి సరే. మెట్ల మీద నాన్నని తోసింది నేనేగా?"

ఇన్‌స్పెక్టర్ ఆమె పక్కన నిలబడింది. "ఒంటి మీద తోసిన గుర్తు ఒక్కటీ లేదని డాక్టరుగారు రాశారు. ఆయన కాళ్ళు అప్పటికే నిలబడే స్థితిలో లేవట. తూలి వెనక్కి పడ్డారు."

"కానీ నన్ను పొమ్మన్నారు. అంత అసహ్యం పుట్టింది నా మీద."

"ఆ చెప్పులు ఎవరివి?"

"ఏ చెప్పులు?"

"ఆయన పక్కన పడ్డవి."

"నావే. బయటికి వేసుకెళ్ళేవి. వీధి గుమ్మం దగ్గర ఉంటాయి." చెప్పాక ఆమె ఆగింది. "అవి మెట్ల మీదికి ఎలా వచ్చాయి?"

"కార్ఖానా సందు ముసలావిడ మాట బుర్రకెక్కడానికి ఆయనకి తెల్లవార్లూ పట్టింది. ఎక్కాక ఒక్కటే అర్థమైంది. ఈ ఇల్లు విషం, పిల్ల పైన పడుకుని ఉంది. గుమ్మం దాకా వెళ్ళారు. తలుపు తీసుకుని ఒక్కరూ బయటపడొచ్చు. పడలేదు. నీ చెప్పులు తీసుకుని, ఒణికే కాళ్ళతో మెట్లెక్కారు. ఇంట్లోంచి గెంటేసేవాడు చెప్పులు మోసుకొస్తాడా అమ్మా?"

కూతురు నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు ముందు చప్పుడు లేకుండా వచ్చింది, తర్వాత చప్పుడుతో వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆమె తల మీద చెయ్యి వేసింది. స్టేషన్లో ఎవరూ నమ్మని పని అది.

ఆసుపత్రికి జీపులో వెళ్తుంటే ఆ అమ్మాయి అడిగింది. "నాన్నకీ నాకూ ఒకే మనిషి ఎలా కనపడింది?"

"చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే కథ విన్నారు. అందుకని."

"ఏం చేసేదో తెలుసా ఆవిడ? ఏమీ అనేది కాదు. తలుపు వైపు చెయ్యి చూపిస్తూ ఉండేది. పోండి, పోండి అన్నట్టు."

ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ఆ మాట రాయలేదు. ఆ వారమంతా నిద్రపోయే ముందు తన గది మూల ఒకసారి చూసుకుంది.

ఆసుపత్రి కౌంటర్ దగ్గర గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. "పేషెంటు ఇంటిపేరు?"

"అద్దాల."

ఇప్పుడు తలెత్తాడు. "షోరూమ్ వాళ్ళా?"

"కాదండీ," అందామె. "కార్ఖానా సందు వాళ్ళం. మా నాన్న కూడా అద్దం వల్లే పోయారు."